పిల్లల చేతిలో ఫోన్, పెద్దల చేతిలో ఫోన్: ఇంట్లో హద్దులు పెట్టుకోవడానికి సమగ్ర మార్గదర్శి

"మావాడు ఫోన్ వదలట్లేదండీ, ఏం చేయాలో తెలియట్లేదు" అనే మాట ఇప్పుడు ఏ పెళ్ళికెళ్ళినా, ఏ పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్ళినా వినపడుతుంది. దానికి వచ్చే సలహాలు కూడా ఒకేలా ఉంటాయి, రోజుకి ఇన్ని గంటలే అని లెక్క పెట్టండి అంటారు, లేకపోతే ఫలానా యాప్ వేసి లాక్ చేయండి అంటారు. లెక్క అవసరమే, లాక్ కూడా పనికొస్తుంది, కానీ అవి తర్వాత రావాల్సినవి. ముందు తేల్చుకోవాల్సింది మీ ఇంట్లో ఫోన్ ఎవరి చోటులోకి వచ్చి కూర్చుందో. అన్నం తినిపిస్తూ అమ్మ చెప్పే కబుర్ల చోటులోనా, సాయంత్రం వీధిలో ఆటల చోటులోనా, అక్కాతమ్ముళ్ళ పోట్లాటల చోటులోనా, రాత్రి నిద్ర చోటులోనా? అది తెలిస్తే అక్కడికి మనిషిని మళ్ళీ ఎలా తీసుకురావాలో ఆలోచించొచ్చు. తెలుసుకోకుండా ఫోన్ లాగేసుకుంటే పిల్లాడికి ఏమీ తోచదు, గంట తిరక్కుండా మళ్ళీ ఫోన్ కోసమే వస్తాడు.

పసిపిల్లల నుంచి ఇంటర్ చదివే పిల్లల దాకా ఉన్న ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. అన్నీ ఒకే రోజు మొదలుపెట్టకండి. మొదటి మూడు అడుగులు అందరికీ, ఆ తర్వాతవి మీ ఇంటికి ఏది వర్తిస్తే అది.

1. మొదటి వారం ఏమీ మార్చకండి, రాసుకోండి

గోడకున్న క్యాలెండర్ వెనకో, పాత డైరీలోనో రాస్తే చాలు. ఫోన్ పిల్లల చేతికి ఎప్పుడు వెళ్ళింది, ఎందుకు వెళ్ళింది. ఎన్ని నిమిషాలన్నది అంత ముఖ్యం కాదు, ఎందుకన్నదే ముఖ్యం. "కుక్కర్ పెట్టాలి, ఏడుస్తోంది, ఇచ్చాను." "చుట్టాలొచ్చారు, మధ్యలో అల్లరి చేస్తున్నాడని ఇచ్చాం." "ఆఫీస్ కాల్ ఉంది." "హోంవర్క్ వాట్సాప్‌లో వచ్చింది, చూసుకోమని ఇస్తే గంట తర్వాత రీల్స్ చూస్తోంది." ఇలా వారం రాస్తే చాలా ఇళ్ళలో తేలేది ఏంటంటే, ఫోన్ పిల్లల చేతికి వెళ్ళినదాంట్లో సగానికి సగం, వాళ్ళు అడిగితే కాదు, మనమే మన అవసరానికి ఇచ్చింది ఉంటుంది. ఎవరి తప్పో తేల్చడానికి కాదు ఇదంతా, ఉద్యోగమూ వంటా పిల్లలూ ఒక్క మనిషి మీద పడితే ఫోన్ ఇవ్వక ఏం చేస్తుంది? కానీ ఏ అవసరానికి ఇస్తున్నామో కాగితం మీద కనపడితే, ఆ అవసరానికి వేరే దారి వెతకొచ్చు.

అదే వారంలో ఇంట్లో అందరి ఫోన్లలోనూ సెట్టింగ్స్‌కి వెళ్ళి ఆండ్రాయిడ్ అయితే డిజిటల్ వెల్‌బీయింగ్, ఐఫోన్ అయితే స్క్రీన్ టైమ్ తెరిచి చూడండి. అందరి ఫోన్లూ అంటే నాన్నదీ, అమ్మదీ, నానమ్మదీ కూడా. ఏ యాప్‌లో ఎంతసేపు, రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తెరిచాం, రెండూ అక్కడ ఉంటాయి. పిల్లల ముందు పెట్టి చదవండి, పెద్దల అంకెలతోనే మొదలుపెట్టండి.

2. పెద్దల ఫోన్ నుంచి మొదలవ్వాలి

ఈ అడుగు దాటేసి మిగతావి చేస్తే ఏదీ నిలబడదని నా గట్టి నమ్మకం. కారణం కూడా చెప్తాను.

ఎడ్వర్డ్ ట్రానిక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, ఆయన సహచరులు 1978లో ఒక ప్రయోగం ప్రచురించారు. తల్లి తన నెలల బిడ్డతో కాసేపు మామూలుగా ఆడుతుంది, తర్వాత కొన్ని నిమిషాలు మొహంలో ఏ భావమూ లేకుండా బిడ్డ వైపు చూస్తూ ఉండిపోతుంది. బిడ్డ ముందు నవ్వుతుంది, చేతులు చాపుతుంది, శబ్దాలు చేస్తుంది, అమ్మ నుంచి ఏమీ రాకపోయేసరికి చూపు తిప్పేసుకుంటుంది, చాలామంది బిడ్డలు ఏడుపుకి దిగుతారు. ఆ తర్వాతి పరిశోధకులు ఇదే ప్రయోగాన్ని తల్లి చేతికి ఫోన్ ఇచ్చి చేసి చూశారు, అప్పుడు కూడా పిల్లలు కలత పడ్డారు. ఫోన్ చూస్తున్నప్పుడు మన మొహం ఎలా ఉంటుందో మనకి తెలియదు, ఎదురుగా ఉన్న బిడ్డకి మాత్రం తెలుస్తుంది. మనుషుల మధ్య మాటకి ఫోన్ ఇలా అడ్డుపడటానికి పరిశోధకులు టెక్నోఫరెన్స్ అని పేరు కూడా పెట్టారు.

ఫోన్ పూర్తిగా మానేయమని ఎవరూ అనరు. చేయగలిగినవి ఇవి.

పిల్లల ముందు ఫోన్ తీసినప్పుడు ఎందుకు తీస్తున్నారో పైకి చెప్పండి. "కరెంట్ బిల్లు కడుతున్నా నాన్నా, రెండు నిమిషాలు." "అమ్మమ్మకి మెసేజ్ పెడుతున్నా." పిల్లలకి మన ఫోన్ వెనక భాగం తప్ప ఏమీ కనపడదు, మనం బిల్లు కట్టినా, రీల్స్ చూసినా వాళ్ళకి ఒకటే. ఇలా పైకి చెప్పడం మొదలుపెడితే ఇంకో లాభం కూడా ఉంది, "ఊరికే తిప్పుతున్నా" అని చెప్పాల్సి వచ్చినప్పుడు మనకే అనిపించి పక్కన పెట్టేస్తాం.

బయటి నుంచి ఇంటికొచ్చాక మొదటి పావుగంట ఫోన్ చేతిలో ఉండకూడదు. వాకిట్లో చెప్పులు విప్పే చోట ఒక అరో, గిన్నో పెట్టి ఫోన్ అందులో వేసి లోపలికి రండి. స్కూల్లో ఏం జరిగిందో పిల్లలు చెప్పేది ఎక్కువగా ఆ పావుగంటలోనే, ఆ తర్వాత అడిగితే "ఏం లేదు" అనే జవాబు వస్తుంది. ఆఫీస్ కాల్ మధ్యలో ఇల్లు చేరితే కిందే ఆగి మాట్లాడేసి పైకి రండి.

ఇంకోటి, పిల్లలు మాట్లాడుతున్నప్పుడు "ఊఁ, ఊఁ" అంటూ ఫోన్ చూడకండి. వినే వీలు లేకపోతే "ఇది అయ్యాక చెప్పు, నేనే వస్తా" అని చెప్పి, అన్నట్టే వెళ్ళండి.

3. రెండు హద్దులు, అందరికీ

ఎక్కువ నియమాలు పెడితే ఒక్కటీ నిలవదు. భోజనం దగ్గర ఫోన్ ఉండదు, పడక దగ్గర ఫోన్ ఉండదు. ఈ రెండూ నానమ్మ నుంచి ఎల్‌కేజీ పాప దాకా అందరికీ.

భోజనం సంగతి: రోజూ మూడు పూటలా కలిసి తినడం చాలా ఇళ్ళలో కుదరదు, షిఫ్టులుంటాయి, ట్యూషన్లుంటాయి. ఒక్క పూట చాలు, రాత్రి కుదరకపోతే పొద్దున టిఫిన్ దగ్గరైనా. టీవీ కూడా ఆపాలి, సీరియల్ టైం భోజనం టైం ఒకటైతే ఏదో ఒకటి అరగంట జరపండి.

పడక సంగతి ఇంకా ముఖ్యం. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెప్తారు. పొద్దున ఆరున్నరకి స్కూల్ బస్సు ఎక్కే పిల్ల రాత్రి పదకొండున్నర దాకా దుప్పట్లో ఫోన్ చూస్తే ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? మర్నాటి చిరాకు, అన్నం దగ్గర పేచీ, క్లాసులో కునుకు, వీటిలో చాలావాటికి మూలం నిద్ర చాలకపోవడమే. హాల్లో ఒక చార్జింగ్ బోర్డు పెట్టండి, రాత్రి తొమ్మిదిన్నరకో పదికో ఇంట్లో ఫోన్లన్నీ అక్కడికి చేరాలి. "అలారం కోసం పక్కన పెట్టుకుంటా" అంటారు, పిల్లలూ అంటారు, పెద్దలూ అంటారు. బజార్లో గడియారాల షాపులో అలారం గడియారం దొరుకుతుంది, కొనేయండి. ఊళ్ళో పెద్దవాళ్ళ ఆరోగ్యం బాగోలేక రాత్రి ఫోన్ వస్తుందేమో అని భయముంటే హాల్లోని ఒక్క ఫోన్‌కి సౌండ్ పెంచి పెట్టుకోండి.

ఈ రెండూ ఒక నెల నిలబడ్డాకే మిగతావాటికి వెళ్ళండి.

4. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ మాన్పించడం

ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇళ్ళలో అసలు సమస్య ఇదే కాబట్టి కాస్త వివరంగా.

రెండేళ్ళలోపు పిల్లలకి స్క్రీన్ వద్దే వద్దని, 2 నుంచి 4 ఏళ్ళ పిల్లలకి రోజుకి గంట మించకూడదని, అంతకంటే తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన దేశంలోని పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్ళలోపు వద్దని, 2 నుంచి 5 ఏళ్ళ వాళ్ళకి గంట దాటొద్దని, 5 నుంచి 10 ఏళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపే అని అంటుంది. ఇప్పుడు ఆలోచించండి, మూడేళ్ళ పాపకి పూటకి ముప్పావుగంట చొప్పున ఫోన్ పెట్టి తినిపిస్తే మూడు పూటలకే రెండుంపావు గంటలయిపోయింది.

అంకెల కంటే నన్ను బాధపెట్టేది వేరే ఉంది. బొమ్మ చూస్తూ నోరు తెరిచే పిల్లకి ఆకలి తీరిందో లేదో తెలియదు, నోట్లో ఉన్నది పప్పో, పెరుగో తెలియదు. పైగా తెలుగు మాటలు ఎక్కువగా చెవిన పడేది అన్నం టైంలోనే. కాకి వచ్చిందనీ, చందమామని చూడమనీ, ఈ ముద్ద తాతయ్యదనీ, ఇది మామయ్యదనీ మనం చెప్తూంటే పిల్ల తిరిగి ఏదో ఒకటి అంటుంది, దానికి మనం ఇంకోటి అంటాం, మాటలు వచ్చేది అలాగే. వీడియో ఎంత బాగున్నా పిల్ల అన్నదానికి జవాబు చెప్పదు.

మాన్పించే పద్ధతి: ఒక సెలవు రోజు చూసి మొదలుపెట్టండి, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్ళుంటే నయం. పిల్లని మీతో పాటు కింద కూర్చోబెట్టి, తన కంచం తనకి పెట్టి, తన చేత్తో తిననివ్వండి. నేల పాడవుతుంది, పాత పేపర్ పరచండి. అరగంట తర్వాత కంచం తీసేయండి, తిన్నా తినకపోయినా. మధ్యలో బిస్కెట్లు, చిప్స్ ఇవ్వకండి, మళ్ళీ వేళకి అన్నమే. ఆరోగ్యంగా ఉన్న పిల్ల ఒకటి రెండు రోజులు తక్కువ తిన్నా ఆకలేసి తనే అడుగుతుంది. బరువు తక్కువున్న పిల్లైతే, లేదా ఏదైనా జబ్బుంటే మాత్రం ముందు డాక్టర్‌తో మాట్లాడి మొదలుపెట్టండి.

మొదటి నాలుగైదు రోజులు ఏడుపు గట్టిగానే ఉంటుంది. ఆ ఏడుపుకి ఒక్కసారి ఫోన్ ఇచ్చేశారంటే మర్నాడు ఇంకాస్త గట్టిగా ఏడిస్తే వస్తుందని నేర్చుకుంటుంది, కాబట్టి మధ్యలో ఆపేలా ఉంటే ఈ వారం మొదలుపెట్టకండి, వీలున్న వారం చూసుకోండి. ఏడుస్తున్నప్పుడు తిట్టొద్దు, పాఠాలు చెప్పొద్దు. "ఫోన్ కావాలని ఉంది కదా బంగారం, అన్నం దగ్గర లేదు" అని పక్కనే కూర్చోండి, చాలు.

5. నానమ్మ, అమ్మమ్మలతో మాట్లాడుకోవడం

పగలు పిల్లల్ని చూసేది అత్తగారో, అమ్మో అయితే వాళ్ళని కలుపుకోకుండా పెట్టిన నియమం సాయంత్రానికి నిలవదు. అరవై దాటిన మనిషి మూడేళ్ళ పిల్లాడి వెనక రోజంతా పరిగెత్తలేదు, ఫోన్ ఇచ్చేది గారాబంతో మాత్రమే కాదు, ఒళ్ళు సహకరించక. అందుకే "ఫోన్ ఇవ్వొద్దు" అని చెప్పి ఆఫీసుకి వెళ్ళిపోవడం సరిపోదు. "అత్తయ్యా, మధ్యాహ్నం వాడు లేచాక మీకు ఊపిరాడదు కదా, ఆ గంట పక్కింటి పాపని కూడా పిలుద్దాం, బొమ్మల బుట్ట కింద పెట్టి వెళ్తాను, మీరు కూర్చునే చూడొచ్చు. మరీ ఓపిక లేకపోతే టీవీలో అరగంట పెట్టండి, ఫోన్ మాత్రం వద్దు" అని చెప్తే వింటారు. ఫోన్ కంటే టీవీ నయం అంటున్నానని ఆశ్చర్యపోకండి, టీవీ దూరంగా ఉంటుంది, ఏం చూస్తున్నాడో గదిలో అందరికీ కనపడుతుంది, వేలితో తోస్తే ఇంకో వీడియో రాదు.

పిల్లల ముందు పెద్దవాళ్ళని తప్పుపట్టకండి. ఏదైనా చెప్పాలంటే కొడుకు తన తల్లికి చెప్పాలి, కూతురు తన తల్లికి చెప్పాలి, కోడలి నోటి నుంచో, అల్లుడి నోటి నుంచో వస్తే అది ఫోన్ గొడవతో ఆగదు.

పెద్దవాళ్ళకి తెలిసిన ఆటలు అడిగి బయటికి తీయించండి. అష్టాచమ్మా, వామనగుంటలు, పులీ మేకా, కచ్చకాయలు. కూర్చుని ఆడేవే కాబట్టి వాళ్ళకి శ్రమ ఉండదు.

6. బడి పిల్లలు: హోంవర్క్ గ్రూపులు, ఆటలు, తోబుట్టువులు

హోంవర్క్ వాట్సాప్‌లో వస్తే ఫోన్ పిల్లల చేతికి ఇవ్వకుండా మీరే తెరిచి డైరీలోకి ఎక్కించండి, లేదా పక్కన కూర్చోబెట్టుకుని మీరు చదువుతుంటే వాళ్ళని రాసుకోమనండి. ఐదు నిమిషాల పని. మీటింగ్‌కి వెళ్ళినప్పుడు నలుగురు తల్లిదండ్రులు కలిసి, హోంవర్క్ బోర్డు మీద రాయించి డైరీలో ఎక్కించమని స్కూల్‌ని అడగండి, ఒక్కరు అడిగితే పట్టించుకోకపోవచ్చు, నలుగురడిగితే ఆలోచిస్తారు.

ఆరుబయట ఆట గురించి ఒక మాట. చిన్న వయసులోనే దూరం చూపు మందగించే పిల్లలు ఎక్కువైపోవడంతో తైవాన్ 2010లో బడి పిల్లలందరూ రోజుకి 120 నిమిషాలు బయట వెలుతురులో ఉండేలా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పగటి వెలుతురు కంటి ఎదుగుదలకి మేలు చేస్తుందన్నది దాని వెనకున్న ఆలోచన. మన దగ్గర రెండు గంటలు కష్టమనిపిస్తే గంటతో మొదలుపెట్టండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే మిగతా తల్లులతో మాట్లాడి అందరూ ఒకే టైంకి, ఐదున్నర నుంచి ఆరున్నర అనుకుందాం, పిల్లల్ని కిందకి పంపండి. ఒక్క పిల్లాణ్ణి పంపితే ఎవరూ లేరని పదినిమిషాల్లో పైకి వచ్చేస్తాడు, చాలా ఇళ్ళలో ఆట ఆగిపోయింది ఫోన్ వల్ల కాదు, కింద ఇంకో పిల్లాడు లేకపోవడం వల్ల.

ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే చెరొక ఫోన్ ఇచ్చి పోట్లాట తప్పించుకోవడం మామూలైపోయింది. నిజానికి ఆ పోట్లాట కావాలి. రిమోట్ కోసం కొట్టుకుని, "ఇది అయ్యాక నీది" అని ఒప్పందానికి రావడంలోనే పంచుకోవడం నేర్చుకుంటారు. చూడాల్సిందేదో ఒకే తెర మీద, అందరూ కలిసి చూడండి.

7. సెట్టింగులు

ఇప్పుడు సాంకేతికం. ఒక ఆదివారం గంటలో అయిపోతుంది.

చిన్నపిల్లలకి మీ ఫోన్ ఇవ్వాల్సి వస్తే ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది, ఐఫోన్‌లో గైడెడ్ యాక్సెస్. పెట్టారంటే మీరు తెరిచిచ్చిన యాప్ దాటి బయటికి రాలేరు. యూట్యూబ్ కిడ్స్‌లో మీరు ఎంచిన ఛానెళ్ళు మాత్రమే కనపడే పద్ధతి ఉంది, అందులో వెతకడం కూడా ఉండదు, ఆరేళ్ళలోపు వాళ్ళకి అదే పెట్టండి. మామూలు యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేయండి, ఒకటయ్యాక ఇంకోటి దానంతటదే రావడం ఆగితే పిల్లలు లేవడానికి ఒక సందు దొరుకుతుంది.

13 ఏళ్ళలోపు పిల్లలకి గూగుల్ ఖాతా కావాలంటే తల్లిదండ్రుల ఖాతా కింద ఫ్యామిలీ లింక్‌తోనే తెరవాలి. రోజుకి ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూతపడాలి, కొత్త యాప్ వేయాలంటే మీ అనుమతి, ఇవన్నీ మీ ఫోన్ నుంచే చూసుకోవచ్చు. పుట్టిన సంవత్సరం అబద్ధం రాసి ఖాతా తెరవనివ్వకండి, ఇన్‌స్టాగ్రామ్‌లో టీనేజ్ పిల్లల ఖాతాలకి ఉండే రక్షణలన్నీ ఆ పుట్టిన తేదీ మీదే ఆధారపడి ఉంటాయి. అలాంటి ఖాతా మొదటి నుంచే ప్రైవేటుగా ఉంటుంది, పరిచయం లేనివాళ్ళు మెసేజ్ పెట్టలేరు, 16 ఏళ్ళలోపు వాళ్ళు దాన్ని సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఆస్ట్రేలియాలో ఉన్న మనవాళ్ళకి పరిస్థితి ఇంకా వేరు, అక్కడ 2025 డిసెంబర్ 10 నుంచి 16 ఏళ్ళలోపు వాళ్ళకి ప్రధాన సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదన్న చట్టం అమల్లోకి వచ్చింది.

డబ్బు: యూపీఐ పిన్ పిల్లలకి చెప్పకండి, పాలప్యాకెట్‌కి పంపేటప్పుడు కూడా చిల్లరే ఇవ్వండి. ప్లేస్టోర్‌లో కొనుగోలుకి ప్రతిసారీ ధ్రువీకరణ అడిగేలా పెట్టండి. యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా, అంటే దానంతటదే డబ్బు కట్టయ్యేవి, నెలకోసారి చూడండి.

8. దూరంలో ఉన్నవాళ్ళతో

ఫోన్ ఇంటిని కలిపే చోట దాన్ని బాగా వాడుకోవాలి. ఏడాదిన్నర లోపు పిల్లలకి స్క్రీన్ వద్దని చెప్పే అమెరికా పిల్లల వైద్యులు కూడా వీడియో కాల్‌ని మినహాయించారు, అవతల ఉన్న మనిషి జవాబిస్తాడు కాబట్టి.

డల్లాస్‌లో మనవరాలు, గుంటూరులో అమ్మమ్మ అనుకుందాం. వేసవిలో పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. ఇక్కడ సాయంత్రం ఆరున్నరైతే అక్కడ పొద్దున్నే స్కూల్ హడావిడి. అందుకే శని, ఆదివారాల్లో ఒక టైం ఖాయం చేసుకోండి. "అమ్మమ్మకి హాయ్ చెప్పు, పాట పాడు" అని పిల్లని కెమెరా ముందు నిలబెడితే రెండో వారానికే పారిపోతుంది. అమ్మమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, పూలు కడుతూ మాట్లాడాలి, ఫోన్ ఎదురుగా ఆనించి పెట్టి. "ఇదేంటి అమ్మమ్మా?" అని పిల్లే అడుగుతుంది. తెలుగు మాటలు అలా వాడుకలోకి వస్తాయి.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు నాన్నలు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ళకీ, కడప, కోనసీమ నుంచి అమ్మలు కువైట్ వెళ్ళిన ఇళ్ళకీ ఫోన్ అంటే తల్లో తండ్రో. దుబాయ్‌లో మామూలు వాట్సాప్ కాల్ కలవక బోటిమ్ లాంటి కాలింగ్ యాప్‌లు వాడుకుంటారు. ఆ కాల్‌ని స్క్రీన్ టైమ్ కింద లెక్కపెట్టకండి. ఒక్కటి మాత్రం మానాలి, పిల్లాడు అల్లరి చేస్తే "ఉండు, మీ నాన్నకి ఫోన్ చేసి చెప్తా" అనడం. రెండేళ్ళకోసారి వచ్చే తండ్రి ఫోన్‌లో కోప్పడే మనిషిగానే గుర్తుండిపోతాడు. హోంవర్క్‌లో ఒక లెక్క నాన్నకోసం అట్టేపెట్టండి, కాల్‌లో ఇద్దరూ కలిసి చేస్తారు.

9. హాస్టల్ నుంచి వచ్చిన పిల్లలు, టీనేజ్ పిల్లలు

రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివే పిల్లాడు దసరాకో సంక్రాంతికో ఇంటికొచ్చి నాలుగు రోజులూ ఫోన్‌లోనే ఉంటే తల్లి ప్రాణం ఉసూరుమంటుంది. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్స్‌లో ఉండి, ఆదివారం ఐదు పది నిమిషాలు ఇంటికి ఫోన్ దొరికే పిల్లాడు వాడు. మొదటి రెండు రోజులు వదిలేయండి, పడుకోనివ్వండి, చూడనివ్వండి. మార్కుల మాట ఎత్తకండి. ఎత్తితే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటాడు, ఫోన్‌లో మార్కులు అడిగేవాళ్ళు లేరు కదా. మూడో రోజు నుంచి పనిలోకి లాగండి, బండి మీద బజారుకి, పొలానికి, అత్తవాళ్ళింటికి. ఎదురుబొదురుగా కూర్చోబెట్టి అడిగితే రాని మాటలు బండి మీద వెనక కూర్చున్నప్పుడు వస్తాయి.

ఇంట్లోనే ఉండి తొమ్మిదో పదో చదివే పిల్లలు చదువుకోసం ఫోన్ కావాలంటారు, అది అబద్ధమూ కాదు, పూర్తి నిజమూ కాదు. పల్లెల్లో పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వే 2024లో గ్రామీణ భారతంలోని 14-16 ఏళ్ళ పిల్లల్లో 82 శాతం మంది స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసన్నారు, వాళ్ళలో అంతకుముందు వారం చదువుకి వాడినవాళ్ళు 57 శాతం, సోషల్ మీడియాకి వాడినవాళ్ళు 76 శాతం. అందుకని చదువు వీడియోలు హాల్లో, తలుపు తెరిచి ఉన్నచోట, వీలైతే పెద్ద తెర మీద.

దొంగచాటుగా వాళ్ళ మెసేజ్‌లు చదవకండి. "అప్పుడప్పుడు చూస్తాను, నీ ముందే చూస్తాను" అని ఫోన్ ఇచ్చిన రోజే చెప్పండి. 18 ఏళ్ళలోపు వాళ్ళ పేరు మీద సిమ్ ఇవ్వరు, అది ఎలాగూ మీ పేరునే ఉంటుంది కాబట్టి ఆ బాధ్యత గురించి మాట్లాడటం సహజంగానే ఉంటుంది. పదో తరగతి పాసైతే ఫోన్ కొనిస్తానని మాత్రం అనకండి, అన్నిటికంటే గొప్ప బహుమతి అదే అని మనమే చెప్పినట్టవుతుంది. ఇప్పటికే మాటిచ్చి ఉంటే తప్పకండి, రాత్రి చార్జింగ్ హాల్లోనే అన్న షరతు కొనకముందే చెప్పండి.

కొడుక్కో రూలు, కూతురికో రూలు పెట్టకండి. అన్నయ్య అర్ధరాత్రి దాకా గేమ్ ఆడొచ్చు, చెల్లెలికి మెసేజ్ వస్తే అనుమానం, ఇది మన ఇళ్ళలో చాలా మామూలు. ఏదైనా జరిగితే చదువు మాన్పించేస్తారన్న భయంతో ఆడపిల్లలు ఇంట్లో చెప్పరు, బెదిరించేవాళ్ళకి కావాల్సింది సరిగ్గా అదే. "నువ్వు ఏం చెప్పినా నీ చదువు ఆగదు, నీ ఫోన్ పోదు" అని ఏమీ జరగకముందే, ఒకటికి రెండుసార్లు చెప్పి ఉంచండి.

10. ఏదైనా జరిగితే

ఫోటో మార్ఫింగ్ చేసి ఎవరో బెదిరిస్తున్నారని బిడ్డ వచ్చి చెప్తే మీ నోటి నుంచి రావాల్సిన మొదటి మాట "చెప్పి మంచిపని చేశావు, నేను చూసుకుంటా." ఎందుకు పంపావు, ఎప్పటి నుంచి అనేవి తర్వాత. డబ్బు పంపకండి, పంపితే మళ్ళీ అడుగుతారు. మెసేజ్‌లు చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసి, ఆ ఖాతా పేరు, నంబర్ రాసుకుని, ఆ తర్వాత బ్లాక్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో పిల్లలకి, ఆడవాళ్ళకి సంబంధించిన ఫిర్యాదులకి విడిగా ఒక విభాగం ఉంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు. పిల్లల కోసం 1098, అత్యవసరమైతే 112. 18 ఏళ్ళలోపు వయసులో తీసిన నగ్న చిత్రాలు ఆన్‌లైన్‌లోకి వెళ్తాయన్న భయముంటే టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది, అందులో ఫోటో ఎవరికీ పంపనక్కర్లేదు, మీ ఫోన్‌లోనే దాని గుర్తు తయారై అది మాత్రమే వెళ్తుంది.

డబ్బు పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే చేయండి, ఎంత త్వరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధిస్తూ పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టం చేసింది, అయినా లింకులు టెలిగ్రామ్‌లో తిరుగుతూనే ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ళు ఐపీఎల్ బెట్టింగ్ వేస్తుంటే పిల్లాడికి చెప్పే ముందు వాళ్ళతో మాట్లాడాలి.

ఆటకి బానిసైపోయాడని ఎప్పుడు అనుకోవాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి ఆ జాబితా అమల్లో ఉంది. అందులో చూసేది గంటలు కాదు. ఆట మీద అదుపు పోవడం, మిగతా అన్నిటికంటే ఆటే ముందుకు రావడం, చదువూ స్నేహాలూ ఒళ్ళూ పాడవుతున్నా ఆపలేకపోవడం, ఇవన్నీ మామూలుగా ఏడాదిపాటు కనపడాలి, తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే చెప్పొచ్చు. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో టెక్నాలజీ వాడకం సమస్యల కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్ళే ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి చేయండి, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఫోన్ తీసేసుకుంటే చచ్చిపోతానని బిడ్డ అంటే అది బెదిరింపులే అని కొట్టిపారేయకండి, ఆ రోజు ఒంటరిగా వదలకండి, ఆ నంబర్‌కి అప్పుడే చేయండి. పిల్లాడు మాట్లాడనంటే ముందు మీరొక్కరే మాట్లాడొచ్చు, ఇంట్లో ఏం జరుగుతోందో చెప్తే దగ్గర్లో ఎక్కడికి తీసుకెళ్ళాలో కూడా వాళ్ళు చెప్తారు.